నిమ్మకాయలకు కార్నౌబా మైనం పూత: ఎమల్షన్ ఎట్ట చేసుకోవాలి, టన్నుకు ఎంత పట్టించాలి?

పొదలకూరు_నిమ్మ:

అందరికీ నమస్తే. పొదలకూరు నుంచి ఢిల్లీ వైపు పోయే నిమ్మకాయకు మైనం పూత వేసి పంపే ఆలోచనలో ఉన్నాం. రోజుకు టన్ను, టన్నున్నర సరుకు. ఇప్పటిదాకా పద్ధతి ఏందంటే, సైజుల వారీగా ఏరడం, బస్తాలో పోసి మూతి కుట్టడం, లారీ ఎక్కించడం. అంతే. చలికాలం పరవాలేదు. మార్చి నుంచి మే దాకా, రేటు బాగుండే రోజుల్లోనే, సరుకు దిగేసరికి తూకం తగ్గిపోతా ఉంది. తొడిమ చుట్టూ ముడత, తొక్క గట్టిపడటం, కాయ మీద కళ లేకపోవడం, అన్నీ కలిసి రేటు కోసేస్తా ఉన్నారు.

పూతకు కార్నౌబా మంచిదని చెప్తున్నారు. తెలిసినవాళ్ళు ఇవి కాస్త విడమర్చి చెప్పండి.

ఇది నిజంగా చెట్టు నుంచే వచ్చేదా, పెట్రోలు మైనం కలిపి అమ్ముతారా? కల్తీని కనుక్కోవడం ఎట్ట? పసుపు రంగుది ఒక రేటు, గోధుమ రంగుది ఒక రేటు చెప్తున్నారు, తేడా ఏంది?

గడ్డను కరిగించి వేడినీళ్ళలో పోస్తే గింజగింజలుగా విడిపోతుంది. కాయకు పట్టేటట్టు నీళ్ళలో ఎట్ట కలపాలి?

టన్ను కాయకు ఎంత పట్టాలి? ఎక్కువైతే ఏమవుతుంది? మన దగ్గర నిమ్మకాయను తొక్కతో సహా ఊరగాయ పెడతారు గదా, దానికి ఇబ్బంది ఉంటుందా?

ఇంకొకటి. నెల్లూరు చుట్టూ ఇన్ని రైసుమిల్లులు ఉన్నాయి. తవుడు నూనె దగ్గర గూడా మైనం వస్తుందంట. బ్రెజిల్ సరుకు బదులు అది వాడుకోలేమా?


మైనం_రసాయనం:

ముందు సరుకు గురించి చెప్తాను, కలిపే పద్ధతి తర్వాత రాస్తాను.

కార్నౌబా పూర్తిగా చెట్టు మైనమే. ఈశాన్య బ్రెజిల్‌లో సియారా, పియావీ, రియో గ్రాండే దో నోర్తే రాష్ట్రాల్లో పెరిగే ఒక తాళజాతి చెట్టు ఆకుల మీద ఇది పొరగా పేరుకుంటుంది. చెట్టు శాస్త్రీయనామం కోపర్నీషియా ప్రూనిఫెరా. అక్కడ ఎండలు, పొడిగాలి ఎక్కువ. ఆకులోని నీరు ఆవిరైపోకుండా చెట్టు వేసుకునే పూత ఇది. మీరు కాయ మీద దీనితో చేయించబోయే పని కూడా అదే. వానల్లేని నెలల్లో పొడవాటి గెడలకు కొంకి కత్తులు కట్టి ఆకులు కోస్తారు, మొవ్వు వదిలేస్తారు కాబట్టి చెట్టు మళ్ళీ చిగురిస్తుంది. ఆకుల్ని కొన్ని రోజులు ఎండబెడితే మైనం పొడిబారి పొలుసులుగా లేస్తుంది. అప్పుడు ఆకును చీల్చి, బాది ఆ పొడి రాల్చుకుంటారు. ఒక ఆకుకు వచ్చేది కొన్ని గ్రాములే. ఆ పొడిని కరిగించి వడకట్టో, సాల్వెంట్‌తో తీసో, రంగు తగ్గించో పొలుసులుగా అమ్ముతారు. వాణిజ్యపరంగా ఇది బ్రెజిల్ నుంచే వస్తుంది. అందుకే రేటు ఎక్కువ, కల్తీ ఆశ కూడా ఎక్కువ.

రంగు తేడా గ్రేడు తేడా. ఇంకా విచ్చుకోని లేత ఆకు నుంచి వచ్చేది లేత పసుపు, దాన్ని టైప్ 1 అంటారు. ముదురు ఆకులది టైప్ 3, టైప్ 4, గోధుమ రంగు నుంచి ముదురు గోధుమ దాకా ఉంటుంది. కరిగే వేడిలో, గట్టితనంలో పెద్ద తేడా ఉండదు. బూట్ పాలిష్‌కు, అచ్చులకు టైప్ 4 చాలు. కాయ మీదికి మాత్రం టైప్ 1 తీసుకోండి. ఫుడ్ గ్రేడ్ అని, ఐఎన్‌ఎస్ 903 (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ నంబరు) అని బస్తా మీద ఉండాలి, ఆ బ్యాచ్ పరీక్ష కాగితం అడిగి తీసుకోవాలి. కాగితంలో చూడాల్సినవి మూడు: కరిగే వేడి 80–86 డిగ్రీలు, ఆమ్ల సంఖ్య 2–7, సపోనిఫికేషన్ సంఖ్య (మైనంలోని ఎస్టర్లను సబ్బుగా మార్చడానికి ఎంత క్షారం పడుతుందో చెప్పే లెక్క) 78–95. పెట్రోలు మైనంలో ఎస్టర్లు ఉండవు కాబట్టి అది కలిస్తే సపోనిఫికేషన్ సంఖ్య పడిపోతుంది.

ల్యాబు లేకపోయినా ఒక పరీక్ష ఉంది. స్టీలు గ్లాసులో నీళ్ళు 70 డిగ్రీలకు తెచ్చి, థర్మామీటరు పెట్టి అక్కడే నిలపండి. చిటికెడు పొలుసులు వేసి 5 నిమిషాలు చూడండి. మామూలు పారాఫిన్ 55–65 మధ్యలోనే కరిగి చుక్కలుగా తేలుతుంది. సోయా మైనమైతే ఇంకా ముందే కరుగుతుంది. అసలు కార్నౌబా పొలుసు అంచు కూడా మెత్తబడకుండా అట్లాగే ఉంటుంది. వేలితో విరిస్తే టక్కున పెళుసుగా విరగాలి. వంగిందంటే, జిడ్డు తగిలిందంటే అది కలిపిన సరుకు. తవుడు మైనం కలిపితే మాత్రం ఈ పరీక్షకు దొరకదు, దాని కరిగే వేడి కూడా 80కి దగ్గరే.

ఇంత గట్టి మైనం చెట్లలో ఇంకొకటి లేదు. చాక్లెట్ బిళ్ళలకు, మందు మాత్రలకు మెరుపు, కారు పాలిష్, లిప్‌స్టిక్ ఎండలో మెత్తబడకుండా నిలబడటం, అన్నీ ఈ గట్టితనం పుణ్యమే. కాయకు పనికొచ్చే గుణం వేరే ఉంది. ఇది నీటి ఆవిరిని గట్టిగా ఆపుతుంది, గాలిని మాత్రం ఓ మోస్తరుగా పోనిస్తుంది. షెల్లాక్, అంటే లక్క, దీనికి తిరగబడి: మెరుపు ఎక్కువ, నీటిని ఆపడం తక్కువ, కాయ ఊపిరిని ఎక్కువగా బిగిస్తుంది. పైగా చల్లటి గదిలోంచి బయటికి తీసి చెమ్మ పట్టగానే లక్క పూత తెల్లగా పొంగుతుంది. లక్క పురుగు నుంచి వచ్చేది కాబట్టి కొందరు కొనేవాళ్ళు వద్దంటారు కూడా. నిమ్మకు కార్నౌబా ఎంచుకోవడం సరైన నిర్ణయమే.


ప్యాక్‌హౌస్_ఒంగోలు:

మైనం కంటే ముందు కాయ సంగతి తేల్చుకోవాలి. పూత వేస్తే చెడ్డ కాయ మంచిది కాదు, లోపల కుళ్ళు ఉంటే అది లోపలే సాగుతుంది.

కోత దగ్గరే సగం పని. మంచు ఆరకముందు, వాన పడిన మర్నాడు కోసిన కాయ తొక్క నీటితో బిర్రుగా ఉంటుంది. కొంచెం నొక్కినా తొక్కలోని నూనె తిత్తులు పగిలి, ఆ నూనె చుట్టూ ఉన్న కణాల్ని చంపేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో అక్కడ గుంట పడి గోధుమ మచ్చ తేలుతుంది. పూత వేశాక ఆ మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది, మైనం వల్లే వచ్చిందని గొడవ. కాబట్టి ఎండ పొడి ఎక్కాక కోయాలి. లాగి కోస్తే తొడిమ ఊడి గుంట మిగులుతుంది. ఆ గుంటలోంచి కూడా నీరు పోతుంది, తొడిమ కుళ్ళు శిలీంధ్రం దూరేదీ అక్కడే. ఆ గుంటను మైనం పూర్తిగా పూడ్చలేదు. పొడవు తొడిమలు కూడా వద్దు, పక్క కాయను గుచ్చుతాయి. కత్తెరతో తొడిమ అంటిపెట్టుకుని ఉండేట్టు కత్తిరించాలి. గజ్జి మచ్చ కాయ పూతకు పనికిరాదు, మచ్చ అంచు బెరడులాగా లేచి ఉండి పూత అక్కడ తెగుతుంది. దాన్ని దగ్గరి మార్కెట్‌కు వేరుగా తోలండి.

కడగడం: 100 లీటర్ల నీళ్ళకు 5 శాతం సోడియం హైపోక్లోరైట్ 200 మి.లీ. కలిపితే 100 పీపీఎం క్లోరిన్ వస్తుంది. అందులో కాయను 2 నిమిషాలు ఉంచి, మెత్తటి బ్రష్షు రోలర్ల మీద దొర్లించి, తర్వాత మంచినీళ్ళతో బాగా జాడించాలి. పీహెచ్ 7 దగ్గర ఉంటేనే క్లోరిన్ పనిచేస్తుంది, మన బోరునీళ్ళలో పీహెచ్ 8 దాటి ఉంటే సిట్రిక్ ఆమ్లం కొంచెం కొంచెంగా వేసి దించండి. జాడించడం ఎందుకు ముఖ్యమంటే, మైనం ఎమల్షన్‌లో, అంటే నీళ్ళలో సన్నటి రేణువులుగా కలిపిన మైనంలో, అమోనియా ఉంటుంది. క్లోరిన్, అమోనియా కలిస్తే కళ్ళు, గొంతు మండే క్లోరమైన్ ఆవిరి పుడుతుంది. ఆ రెండు తొట్లు ఎప్పుడూ పక్కపక్కన పెట్టొద్దు, డబ్బాలు కూడా ఒక గదిలో ఉంచొద్దు.

కడిగాక కాయ పూర్తిగా ఆరాలి. తడి కాయ మీద ఎమల్షన్ పోస్తే పల్చబడి మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఎక్కువమంది తొందరపడేది ఈ మెట్టు దగ్గరే.

ఇక ఎంత అంటారా. మైనం 12 శాతం ఉన్న ఎమల్షన్ అనుకుందాం. రోలర్ల మీద దొర్లే కాయకు సన్నటి తుంపరగా కొట్టి బ్రష్షుతో పరిస్తే టన్నుకు లీటరుంబావు చాలు. అంటే 150 గ్రాముల మైనం. టన్నుకు 20–25 వేల కాయలు లెక్కేస్తే ఒక్కో కాయ మీద 6, 7 మిల్లీగ్రాములు. చేత్తో ముంచి తీస్తే కాయకు ద్రావణం ఎక్కువ అంటుకుంటుంది, టన్నుకు 3–4 లీటర్లు తీసుకుపోతుంది. అదే 12 శాతంలో ముంచితే టన్నుకు 360 నుంచి 480 గ్రాముల మైనం పడుతుంది. పూత వేసిన తాజా పండ్లకు కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) కార్నౌబాకు పెట్టిన హద్దు కిలోకు 400 మిల్లీగ్రాములు, అంటే టన్నుకు 400 గ్రాములు. కాబట్టి ముంచే పద్ధతికి ఎమల్షన్ ఎంతో అన్ని నీళ్ళు కలిపి 6 శాతానికి తెచ్చుకోండి. క్రేటును అరనిమిషం ముంచి, ఎత్తి, బాగా వార్చండి.

మందంగా పట్టిస్తే మంచిదనుకోవద్దు. కోసిన కాయ కూడా ఊపిరి తీస్తుంది. పూత మందమైతే ఆక్సిజన్ అందక లోపల ఆల్కహాల్ తయారవుతుంది. కాయ కోస్తే పులిసిన వాసన, రసంలో చేదు. లారీలో 40 డిగ్రీల వేడికి ఊపిరి వేగం పెరుగుతుంది కాబట్టి ఇది ఎండాకాలంలోనే త్వరగా బయటపడుతుంది. పూత అవసరం ఎక్కువున్న రోజుల్లోనే పల్చగా వేయాలి.

పూత వేశాక నీడలో ఒక వరసగా పరిచి ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. 40–45 డిగ్రీల వేడిగాలి ఉంటే 2–3 నిమిషాలు చాలు. నేరుగా ఎండలో పెట్టొద్దు, తొక్క కాలుతుంది. కార్తీక మాసంలో అల్పపీడనం పట్టి ముసురు కమ్మితే ఉత్త ఫ్యాన్ గాలికి ఆరదు, కాయలు ఒకదానికొకటి అంటుకుని విడదీస్తే పూత లేచిపోతుంది. ఆ రోజుల్లో పూత మానుకోవడమే మేలు, ఆ వాతావరణంలో కాయ వడలడం కూడా తక్కువే.

చివరిగా గోనెబస్తా. నార రాపిడికి పూత గీరుకుపోతుంది, మీ ఖర్చు గోనెకు అంటుకుంటుంది. ప్లాస్టిక్ క్రేటుకో, గాలి కంతలున్న అట్టపెట్టెకో మారకపోతే ఈ పని మొదలుపెట్టకండి.


పొదలకూరు_నిమ్మ:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అన్నా. క్రేట్లకు మారడం ఖాయం. ఇప్పుడు కలిపే సంగతి చెప్పండి. మా దగ్గర బోరునీళ్ళే, గిన్నెలకు తెల్లగా పొర కట్టే ఉప్పునీళ్ళు. ఒకరు మార్ఫోలిన్ వాడితే సులువుగా కలుస్తుందని చెప్పి డబ్బా ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?


మైనం_రసాయనం:

మార్ఫోలిన్ వద్దు. అది అమోనియా బదులు వాడే ఇంకో క్షారం. సులువుగా కలుస్తుంది, నిజమే. కానీ నైట్రైట్ తగిలితే అది నైట్రోసోమార్ఫోలిన్‌గా మారుతుంది, జంతువుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థం అది. అమెరికాలో అనుమతి ఉన్నా యూరప్‌లో, బ్రిటన్‌లో పండ్ల పూతకు లేదు. తొక్కతో తినే కాయకు దాన్ని తేవడం ఎందుకు?

మైనం నీళ్ళలో కరగదు. సబ్బు సాయంతో అతి సన్నటి రేణువులుగా నీళ్ళలో నిలబెట్టాలి. ఆ సబ్బు మైనంలోనే పుట్టేట్టు చేయడం కిటుకు. మైనంతో పాటు ఓలిక్ ఆమ్లం కరిగించి, దానికి క్షారం తగిలిస్తే మైనం ఒంట్లోనే సబ్బు తయారవుతుంది. వేడినీళ్ళలో ఉత్త మైనం పోస్తే గింజ కట్టేది ఈ సబ్బు లేకనే.

క్షారంగా అమోనియా శ్రేష్ఠం. కాయ ఆరేటప్పుడు అమోనియా గాలికి ఎగిరిపోతుంది, ఓలిక్ ఆమ్లం మైనంలో ఉండిపోతుంది, పూత మళ్ళీ నీళ్ళకు కరగదు. పొటాషియం హైడ్రాక్సైడ్ అయితే సబ్బు కాయ మీదే మిగిలి, చెమ్మ తగలగానే పూత జిగటవుతుంది. చిక్కేమిటంటే మైనం పూర్తిగా కరిగి ఉండే 90 డిగ్రీల వేడిలో తెరిచిన గిన్నెలో అమోనియా నిలవదు, సగం ఆవిరిగా పోతుంది. ఫ్యాక్టరీలో మూసిన ప్రెషర్ పాత్రలో చేస్తారు. తెరిచిన గిన్నెకు రెండూ కలిపిన మధ్యేమార్గం ఇది.

లీటరు ఎమల్షన్‌కు: కార్నౌబా టైప్ 1 పొలుసులు 120 గ్రాములు, ఫుడ్ గ్రేడ్ ఓలిక్ ఆమ్లం 24 గ్రాములు, పొటాషియం హైడ్రాక్సైడ్ రేకులు 3 గ్రాములు, 25 శాతం అమోనియా ద్రావణం 15 మి.లీ., మిగతాది ఆర్ఓ నీళ్ళు సుమారు 840 మి.లీ. బోరునీళ్ళు చుక్క కూడా వద్దు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని కరగని ముక్కలుగా చేస్తాయి. ఎమల్షన్ ఎంత బాగా కుదిరినా ఆ నీళ్ళు కలిపిన గంటలో పైకి తెట్టె కడుతుంది. తర్వాత పల్చన చేసేటప్పుడు కూడా ఆర్ఓ నీళ్ళే.

గిన్నె స్టీలుదే కావాలి. అల్యూమినియాన్ని క్షారం తింటుంది, రాగిని, ఇత్తడిని అమోనియా తింటుంది. మైనం, ఓలిక్ ఆమ్లం కలిపి నీళ్ళ గిన్నెలో పెట్టి 95 డిగ్రీల దాకా కరిగించండి. నేరుగా మంట మీద పెడితే అడుగు మాడి రంగు ముదురుతుంది. పక్కన ఇంకో గిన్నెలో నీళ్ళు 95కు తగ్గకుండా ఉంచండి. పొటాషియం హైడ్రాక్సైడ్‌ను 30 మి.లీ. నీళ్ళలో వేసి కరిగించి (నీళ్ళలో రేకులు వేయాలి, రేకుల మీద నీళ్ళు పోయకూడదు), దాన్ని కరిగిన మైనంలో సన్నధారగా పోస్తూ తిప్పండి. కొంచెం పొంగుతుంది, అందుకే గిన్నె సరుకుకు మూడింతలు ఉండాలి.

ఇప్పుడు వేడినీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ స్టీలు రెక్క బిగించిన స్టిరర్‌తో గట్టిగా తిప్పండి. మొదట పల్చగా ఉండి, క్రమంగా చిక్కబడి ముద్దవుతుంది. భయపడి నీళ్ళు గుమ్మరించొద్దు. ఆ ముద్ద దశలో నీళ్ళు మైనం లోపల ఉన్నాయి. అమోనియాను కూడా ఇప్పుడే, గొట్టంతో ముద్ద అడుగు భాగంలోకి వదలాలి, పైన పోస్తే ఎగిరిపోతుంది. ఇంకా తిప్పుతూ నీళ్ళు చేర్చుతుంటే ఒక క్షణంలో ముద్ద ఒక్కసారిగా జారి పల్చనవుతుంది. అప్పటిదాకా మైనంలో నీళ్ళున్నవి కాస్తా నీళ్ళలో మైనంగా తిరగబడతాయి. ఎమల్షన్ మంచిచెడ్డలు తేలేది ఈ మలుపు దగ్గరే. ఇక్కడ వేడి 85కు పడినా, తిప్పుడు మందగించినా రేణువు పెద్దదైపోతుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా చిన్నది కాదు. మలుపు దాటాక మిగిలిన వేడినీళ్ళు కాస్త వేగంగా పోసేయొచ్చు. వెంటనే గిన్నెను చన్నీళ్ళ తొట్టిలో పెట్టి, నిదానంగా తిప్పుతూ 40 డిగ్రీలకు దించండి. దానంతట అదే చల్లారనిస్తే రేణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి. పల్చటి బట్టలో వడకట్టండి. పీహెచ్ కాగితం 9 నుంచి 9.5 చూపాలి.

కుదిరిన ఎమల్షన్ లేత గోధుమ రంగులో, గ్లాసు అంచు దగ్గర నీలి ఛాయ కొడుతూ, కొంచెం వెలుతురు పోనిచ్చేట్టు ఉంటుంది. చిక్కటి తెలుపు వచ్చిందంటే రేణువు పెద్దది. కాయకు పడుతుంది కానీ మెరవదు, రెండు రోజుల్లో పైకి తేరుతుంది. అడుగున గింజలుంటే పోసిన నీళ్ళు చల్లవి. కుదిరి కూడా వారానికి చిక్కబడితే అమోనియా పోయి పీహెచ్ దిగిందని లెక్క, మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ క్యాన్లో నీడన దాచాలి. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా విరుగుతుంది.

కాయ మీదికి పోయేముందు గాజు పలక మీద పల్చగా పూసి ఆరబెట్టండి. మర్నాడు దాని మీద నీటిచుక్క పెట్టి 10 నిమిషాలు చూడండి. చుక్క కింద తెల్లబడి వేలికి జారితే క్షారంలో పొటాషియం భాగం ఎక్కువైంది, అర గ్రాము తగ్గించి అమోనియా 2–3 మి.లీ. పెంచండి.

అమోనియా పని తలుపులు తెరిచిన షెడ్డులోనే, కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకునే చేయాలి. నా మాట వింటే, రోజుకు టన్నున్నర సరుకున్నవాళ్ళు ఈ కొలతతో లీటరు చేసి పద్ధతి అర్థం చేసుకోండి, పనికి మాత్రం మార్ఫోలిన్ లేదని రాసిచ్చే ఫుడ్ గ్రేడ్ రెడీమేడ్ ఎమల్షన్ కొనండి. టన్నుకు పట్టేది లీటరు, లీటరున్నరే. ప్రెషర్ పాత్రలో చేసిన దాని నాణ్యత తెరిచిన గిన్నెలో రాదు.


తవుడునూనె_నెల్లూరు:

తవుడు మైనం సంగతి నేను చెప్తాను.

తవుడులో నూనె 15–20 శాతం ఉంటుంది, ఉప్పుడు బియ్యం తవుడులో ఇంకా ఎక్కువ. తీసిన ముడినూనెలో మైనం 2–4 శాతం. నూనె వేడిగా ఉన్నంతసేపు అందులో కరిగి కనపడదు, చల్లారితే మబ్బు కమ్మినట్టయి అడుగుకు దిగుతుంది. అందుకే రిఫైనరీలో నూనెను నిదానంగా 20 డిగ్రీల దగ్గరికి చల్లార్చి, గంటల తరబడి మెల్లగా తిప్పుతూ మైనం స్ఫటికాలు పెరగనిచ్చి, ఫిల్టరులో పట్టుకుంటారు. తొందరగా చల్లారిస్తే స్ఫటికం సన్నబడి ఫిల్టరు గుడ్డ మూసుకుపోతుంది.

ఫిల్టరు మీద మిగిలేది మీరనుకునే మైనం కాదు, సగానికి సగం నూనె ఉన్న గోధుమ రంగు మడ్డి. దాన్ని సాల్వెంట్‌తో కడిగి నూనె తీసేయాలి, రంగు విరగ్గొట్టాలి. అప్పుడు 77–82 డిగ్రీల్లో కరిగే గట్టి మైనం వస్తుంది. హెక్సేన్ లాంటి మంటపట్టే సాల్వెంట్ పని కాబట్టి షెడ్డులో చేసేది కాదు. మిల్లు దగ్గర చవగ్గా దొరికే మడ్డిని కాయకు పూస్తే అందులోని నూనె ముక్కిపోయి వాసన పట్టి కాయ పాడవుతుంది.

శుద్ధిచేసిన తవుడు మైనం (ఐఎన్‌ఎస్ 908) గుణంలో కార్నౌబాకు దగ్గరదే. అయినా తాజా పండ్ల పూతకు మన ఆహార భద్రత నియమంలో పేర్లు పెట్టి చెప్పిన మైనాలు తేనెమైనం, కార్నౌబా, షెల్లాక్. తవుడు మైనం ఆ మూడింటిలో లేదు, కాబట్టి మీ పనికి వద్దు. దాని బలం వేరేచోట. ద్రవ నూనెను గడ్డకట్టించడంలో కార్నౌబా దాని ముందు నిలవదు, 1–2 శాతం వేసినా నూనె పేరుకుంటుంది. లిప్‌బామ్, క్రేయాన్లు, పాలిష్ ముద్దలు చేసేవాళ్ళకు ఇది మన జిల్లా బియ్యంలోనే ఉన్న సరుకు. ఇంతమంది మిల్లర్లున్న చోట దాన్ని మడ్డి రేటుకు వదిలేసుకోవడం చూస్తే బాధగానే ఉంటుంది.


ఉదయగిరి_చెక్కపని:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లకు తేనెమైనం రుద్దితే వేడి సాంబారులో పోతోందని కొనేవాళ్ళ మాట. కార్నౌబా నిలుస్తుందా? దేనితో కలపాలి?


మైనం_రసాయనం:

తేనెమైనం 62–64 డిగ్రీల్లో కరుగుతుంది, వడ్డించే సాంబారు అంతకంటే వేడిగానే ఉంటుంది. కార్నౌబా 80 దాటేదాకా కదలదు. తినే స్పూనుకు బాగా నిలుస్తుంది. పొయ్యి మీద మరిగే గిన్నెలో తిప్పే గరిటెకు ఏ మైనమూ నిలవదు, అది ముందే చెప్పి అమ్మండి.

ఉత్త కార్నౌబా పెళుసు, చెక్కలోకి ఇంకదు. పచ్చి అవిసె నూనె 100 గ్రాములకు కార్నౌబా 12 గ్రాములు, మెత్తదనానికి తేనెమైనం 5 గ్రాములు. నీళ్ళ గిన్నెలో 90 డిగ్రీలకు కరిగించి, చల్లారేదాకా కలుపుతూ ఉంటే వెన్న గట్టితనానికి వస్తుంది. బాగా ఆరిన, 320 నంబరు గరుకు కాగితం పట్టించిన చెక్కకు పల్చగా రుద్ది, అరగంటకు మిగిలింది తుడిచేసి, పొడిగుడ్డతో వేడెక్కేట్టు రుద్దండి. మెరుపు వచ్చేది ఆ రాపిడి వేడికే. పచ్చి అవిసె నూనె గట్టిపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది, అప్పటిదాకా ప్యాక్ చేయొద్దు. తొందర కోసం రంగుల దుకాణంలో అమ్మే బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ వాడొద్దు, అందులో కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహపు మందులు ఉంటాయి. కొబ్బరినూనె, వేరుశనగ నూనె ఎప్పటికీ గట్టిపడవు, కొన్నాళ్ళకు వాసన వేస్తాయి. ముఖ్యం: అవిసె నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచి పారేయండి.


ప్యాక్‌హౌస్_ఒంగోలు:

ఊరగాయ ప్రశ్నకు జవాబు మిగిలిపోయింది. కార్నౌబాకు రోజువారీ హద్దు శరీర బరువు కిలోకు 7 మిల్లీగ్రాములు అని ఆహార సంకలితాల అంతర్జాతీయ నిపుణుల కమిటీ పెట్టింది. 60 కిలోల మనిషికి 420 మిల్లీగ్రాములు. కాయకు 7 చొప్పున రోజుకు 60 కాయల తొక్క తినాలి. ముంచిన కాయకు 12 మిల్లీగ్రాముల దాకా ఉన్నా రోజుకు 35 కాయలు. ఆరోగ్యం వైపు నుంచి భయం అక్కర్లేదు.

ఊరగాయకు అసలు ఇబ్బంది వేరు. ఉప్పు తొక్కలోకి దిగడానికి మైనం అడ్డం, ముక్క ఊరడం ఆలస్యమవుతుంది, తొక్క బిరుసుగా ఉండిపోతుంది. గోరువెచ్చని నీళ్ళలో కడిగితే పోదు, దాని కరిగే వేడి అంత ఎక్కువ. కాబట్టి ఊరగాయ వాళ్ళకు పూతలేని కాయే ఇవ్వండి, ఆ లాట్‌ను మొదటి గ్రేడింగ్ దగ్గరే పక్కకు తీయండి. పూత వేసిన ప్రతి పెట్టె మీద కార్నౌబా మైనం పూత వేసినది అని మైనం పేరుతో సహా లేబుల్ ఉండాలి, అది నియమం. హిందీలో కూడా వేయించండి, దిగే చోట చదివేది అదే.

మొదటి లోడుకు ముందు ఒకే తోట, ఒకే కోత కాయల్లో 20 పూతవి, 20 పూతలేనివి నంబర్లు వేసి, క్రేట్లలో షెడ్డులోనే ఉంచి, రోజూ ఒకే వేళకు గ్రాముల కాటా మీద తూచండి. రోజుకు ఒక జత కోసి వాసన చూడండి. పూత కాయ తూకం తగ్గడం స్పష్టంగా నిదానించాలి, పులిసిన వాసన ఉండకూడదు. తూకం రెండిట్లో ఒకేలా పడుతుంటే తొడిమలు చూడండి, ఊడిన కాయలు ఎన్నున్నాయో. వాసన వస్తే ఇంకో పావు వంతు పల్చన చేయండి. కోల్డ్ రూమ్‌లో పెట్టేట్టయితే 9–10 డిగ్రీలకు కిందికి దించొద్దు, నిమ్మ తొక్కకు చలిదెబ్బ తగిలి గుంటలు పడతాయి, దాన్ని మైనం ఆపలేదు.

ఇంకో మాట. పూత వేస్తే పచ్చకాయ పసుపుకు తిరగడం నెమ్మదిస్తుంది. ఢిల్లీ కొనేవాళ్ళు పసుపు కాయ అడిగితే రంగు తిరిగాకే పూత వేయండి, పచ్చకాయ అడిగితే కోసిన రోజే వేసేయండి.